వైఫై కార్డు పాడవలేదు.. చూసే మనిషే లేడు!

"అన్నయ్యా, వైఫై గుర్తే కనిపించట్లేదు. సిగ్నల్ లేదని కాదు, అసలు ఇందులో వైఫై అనేదే లేనట్టు చూపిస్తోంది."

మా పిన్ని కొడుకు ఫోన్ చేసేసరికి రాత్రి పదకొండు దాటింది. వాడిది బీటెక్ రెండో ఏడాది. తెలిసినవాళ్ల దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి చవగ్గా కొనుక్కున్నాడు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఆ మెషీన్‌కు టీపీఎం 2.0 లేదు, ప్రాసెసర్ కూడా పాతది. లైనక్స్ మింట్ వేసుకోరా అని సలహా ఇచ్చింది నేనే. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాక మెషీన్ కొత్తదానిలా పరుగెత్తింది. అన్నీ బాగున్నాయి, వైఫై తప్ప.

ఆ రాత్రి ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్ ఆన్ చేయించి, చిప్ కంపెనీవాళ్ల డ్రైవర్ ఒకటి వేయించాను. పని చేసింది. వాడు స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే ఓ కెర్నల్ అప్‌డేట్ వచ్చింది. మళ్లీ ఫోన్. "అన్నయ్యా, మళ్లీ పోయింది."

కార్డు అదే. యాంటెనా అదే. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఎందుకు మొరాయించింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే సర్క్యూట్ బోర్డు దగ్గర ఆగం, మనుషుల దగ్గర ఆగుతాం. విండోస్ 10 వదిలేసిన పాత మెషీన్లు ఇప్పుడు వేలకొద్దీ విద్యార్థుల చేతుల్లోకి వస్తున్నాయి కాబట్టి, ఈ సంగతి తెలుసుకోవడం అవసరం. డ్రైవర్ల రంగంలో ఉద్యోగం చేయాలనుకునేవాళ్లకైతే మరీ అవసరం.

ఉమ్మడి కుటుంబం, వేరు కాపురం

డ్రైవర్ అంటే కెర్నల్‌కీ చిప్‌కీ మధ్య దుబాసీ. కెర్నల్ "ఈ ప్యాకెట్ పంపు" అంటే, ఆ చిప్‌కు అర్థమయ్యే భాషలో చెప్పేది డ్రైవరే. వైఫై చిప్‌లకు దీంతోపాటు ఫర్మ్‌వేర్ అనే ఇంకో ముక్క కూడా కావాలి. అది చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్, చాలావరకు కంపెనీయే ఇస్తుంది.

లైనక్స్‌లో డ్రైవర్లు రెండు రకాలుగా బతుకుతాయి. మొదటి రకం, కెర్నల్ సోర్స్ కోడ్‌లోనే భాగంగా ఉండేవి. వీటిది ఉమ్మడి కుటుంబం. కెర్నల్ లోపలి ఫంక్షన్లు ఏటా మారుతూనే ఉంటాయి. వాటిని అలాగే స్థిరంగా ఉంచుతామని లైనక్స్ డెవలపర్లు ఏనాడూ మాట ఇవ్వలేదు, ఇవ్వబోమని గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఒక డాక్యుమెంటే రాసి కెర్నల్‌లో పెట్టారు. అయితే ఓ కట్టుబాటు ఉంది. ఎవరైనా ఒక ఫంక్షన్ మారిస్తే, దాన్ని వాడుతున్న లోపలి డ్రైవర్లన్నిటినీ వాళ్లే సరిచేయాలి. ఇంట్లో గోడ కొట్టినవాడే పక్క గదిలో రాలిన పెచ్చులు ఎత్తాలన్నమాట.

రెండో రకం, బయట ఉండేవి. వేరు కాపురం పెట్టినవి. కంపెనీ సైట్‌లోనో, గిట్‌హబ్‌లోనో ఉంటాయి. కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే టూల్ వీటిని మళ్లీ కంపైల్ చేస్తుంది. లోపల ఫంక్షన్ మారితే కంపైల్ ఫెయిలవుతుంది. మాడ్యూల్ తయారవదు. బూట్ అయ్యాక వైఫై ఉండదు. మా తమ్ముడికి జరిగింది ఇదే. కంపెనీ ఆ చిప్‌ని అమ్మడం మానేసి ఏళ్లయింది. దాని డ్రైవర్‌ని కొత్త కెర్నల్‌కు సర్దే బాధ్యత కంపెనీలో ఎవరి నెత్తినా లేదు.

"అయితే లోపలున్న డ్రైవర్లకు ఏ ఢోకా లేదు కదా" అనుకుంటారేమో. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఆ పేరు ఎదురుగా ఏం రాసుంది?

కెర్నల్ సోర్స్ డౌన్‌లోడ్ చేస్తే పై ఫోల్డర్‌లోనే 'మెయింటైనర్స్' అనే ఫైల్ ఉంటుంది. ఇరవై వేల లైన్లు దాటిన ఈ ఫైల్‌లో ఏ డ్రైవర్‌ని ఎవరు చూస్తున్నారో ఉంటుంది. ఊళ్లో పొలాలకు పహాణీ ఎలాగో, కెర్నల్‌కు ఈ ఫైల్ అలాగ. ప్రతి డ్రైవర్ ఎదురుగా ఒక స్థితి రాసి ఉంటుంది. 'సపోర్టెడ్' అంటే జీతం తీసుకుని మరీ ఎవరో చూస్తున్నారు. 'మెయింటైన్డ్' అంటే చూసేవాళ్లున్నారు, జీతం సంగతి వేరు. 'ఆడ్ ఫిక్సెస్' అంటే మనిషి ఉన్నాడు గానీ తీరిక లేదు, అప్పుడో ఇప్పుడో ఓ ప్యాచ్ వేస్తాడు. 'ఆర్ఫన్' అంటే అనాథ, పట్టించుకునే దిక్కు లేదు. ఆఖరిది 'అబ్సొలీట్', దానికంటే మెరుగైనది వచ్చేసింది కాబట్టి ఇది వాడొద్దని.

ఈ మాటల తేడా తెలిస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. అనాథ అని రాసిన డ్రైవర్ వెంటనే ఆగిపోదు. ఫంక్షన్ మార్చినవాళ్లు దాన్నీ సరిచేస్తూనే ఉంటారు. కానీ ఎలా సరిచేస్తారు? వాళ్ల దగ్గర ఆ కార్డు ఉండదు. కంపైల్ అయిందా, ఎర్రర్ రాలేదా.. అంతవరకే చూస్తారు. అలాంటి ప్యాచ్‌ల కింద 'కంపైల్ టెస్టెడ్ ఓన్లీ' అని నిజాయతీగా రాస్తారు కూడా. అలా ఐదేళ్లు, పదేళ్లు గడుస్తాయి. కోడ్ ఉంటుంది, కంపైల్ అవుతుంది. నిజంగా పనిచేస్తోందా అంటే చెప్పగలిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.

2023 అక్టోబర్‌లో ఈ లెక్క తేల్చేశారు. ఆర్న్డ్ బెర్గ్‌మన్ అనే సీనియర్ కెర్నల్ డెవలపర్ కాలం చెల్లిన, అనాథలైన వైఫై డ్రైవర్లను తీసేద్దామని ప్యాచ్‌ల వరస పంపారు. అప్పుడు వైర్‌లెస్ డ్రైవర్ల బాధ్యత చూస్తున్న కాలే వాలో ఇంకొన్నిటిని కలిపారు. కొద్ది నెలల్లో ఒరినోకో, హోస్ట్ ఏపీ, జెడ్‌డీ1201, రే సీఎస్, డబ్ల్యూఎల్3501 లాంటి పేర్లు మెయిన్ కెర్నల్‌లోంచి మాయమయ్యాయి. ఇవి ఎక్కువగా ఇరవై ఏళ్ల కిందటి పీసీఎంసీఐఏ స్లాట్ కార్డులు. 802.11బీ కాలం నాటివి, కాగితం మీద వేగం సెకనుకు 11 మెగాబిట్లు మించదు. ఆ తరం కార్డుల్లో చాలావాటికి ఇప్పటి రౌటర్లు అడిగే డబ్ల్యూపీఏ2 భద్రత కూడా రాదు.

వీటిలో హోస్ట్ ఏపీ గురించి ఓ మాట చెప్పాలి. ప్రిజమ్ చిప్‌లున్న కార్డులను యాక్సెస్ పాయింట్‌గా మార్చడానికి యౌని మాలినెన్ రాసిన డ్రైవర్ అది. దాంతోపాటు పుట్టిన 'హోస్ట్ఏపీడీ' ప్రోగ్రామే ఇవాళ లెక్కలేనన్ని రౌటర్లలో నడుస్తోంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే వెనక పని చేసేదీ అదే. బిడ్డ ప్రపంచమంతా తిరుగుతోంది, కన్నతల్లిలాంటి డ్రైవర్‌ని మాత్రం కెర్నల్‌లోంచి తీసేశారు.

తీసేయడం తప్పా? నా అభిప్రాయంలో తప్పు కాదు. పాత కోడ్‌ని ఊరికే అలా ఉంచేయొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది గానీ, అది ఊరికే ఉండదు. ఎవరూ చూడని డ్రైవర్‌లో భద్రతా లోపం ఉంటే సరిచేసే నాథుడు ఉండడు. పైగా పాత డ్రైవర్ల కోసం పాత ఇంటర్‌ఫేస్‌ని మోయాల్సి వస్తుంది. 1990ల నాటి 'వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్' అలాంటిదే. మన కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో ఇప్పటికీ కనిపించే ఐడబ్ల్యూకాన్ఫిగ్ కమాండ్ దానిదే. ఒక కార్డు ఒక సమయంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటుందనే ఊహతో కట్టింది అది. వైఫై 7లో ఒకే కనెక్షన్ ఒకేసారి రెండు మూడు బ్యాండ్ల మీద నడుస్తుంది. పాత ఇంటర్‌ఫేస్‌లో ఆ సంగతి చెప్పడానికే చోటు లేదు. అందుకే వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ వాడే ప్రోగ్రామ్‌లు వైఫై 7 హార్డ్‌వేర్ మీద పనిచేయవని కెర్నల్ ఇప్పుడు హెచ్చరిక చూపిస్తోంది.

ఇంకో సంగతి. తీసేశారంటే అన్నిచోట్లా పోయినట్టు కాదు. 6.6 లాంటి దీర్ఘకాల మద్దతు కెర్నళ్లలో ఆ డ్రైవర్లు ఇంకా ఉన్నాయి. 2003 నాటి ఇంటెల్ సెంట్రినో తరం కార్డుల డ్రైవర్ మెయిన్ కెర్నల్‌లో అలాగే మిగిలింది. కాబట్టి వయసు ఒక్కటే కొలమానం కాదు. మరి ఏది?

రాళ్లను చదివిన మనిషి

2024 జూన్‌లో లైనక్స్ వైర్‌లెస్ డెవలపర్ల మెయిలింగ్ లిస్టుకు ఒక చిన్న ఉత్తరం వచ్చింది. మీ డెవలపర్లలో ఒకరైన లారీ ఫింగర్ కన్నుమూశారని, ఆయన మెయిల్ నుంచే ఆయన భార్య తెలియజేశారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి.

లారీ ఫింగర్ కంప్యూటర్ ఇంజినీర్ కాదు. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థకు చెందిన జియోఫిజికల్ లేబొరేటరీలో స్ఫటికాల నిర్మాణం మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఎల్ సాల్వడార్‌లోని ఇజాల్కో అగ్నిపర్వతం దగ్గర దొరికిన ఒక ఖనిజానికి ఆయన పేరు మీద 'ఫింగరైట్' అని పెట్టారు. రిటైరయ్యాక ఆయన పట్టుకున్న పని, పాత వైఫై చిప్‌ల డ్రైవర్లు.

అప్పట్లో బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లంటే లైనక్స్‌వాళ్లకు గుండె దడ. ల్యాప్‌టాప్‌లలో విరివిగా ఉండేవి, వాటి వివరాలు మాత్రం కంపెనీ బయటపెట్టలేదు. వలంటీర్లే ఆ చిప్ ఎలా నడుస్తుందో తవ్వి తీశారు. ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ని గమనించి చిప్ ప్రవర్తనను కాగితం మీద పెట్టేది. ఇంకో జట్టు ఆ కాగితం మాత్రమే చూసి కొత్తగా కోడ్ రాసేది. కాపీ కొట్టారన్న మాట రాకుండా ఈ జాగ్రత్త. అలా పుట్టిందే బీ43 డ్రైవర్. 2005 ప్రాంతంలో మొదలుపెట్టి లారీ ఫింగర్ దాని వెంటే ఉన్నారు. 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ కూడా కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది. పాత చిప్‌లు మాత్రం వలంటీర్ల పాలే అయ్యాయి. కొన్ని మధ్యతరం చిప్‌లకు ఇప్పటికీ 2015 నాటి కంపెనీ డ్రైవరే దిక్కు. దాన్ని కొత్త కెర్నళ్లకు అతికించే పని ఉబుంటు, డెబియన్ లాంటి డిస్ట్రోల వాళ్లు చేస్తున్నారు.

ఆ తర్వాత ఆయన రియల్‌టెక్ చిప్‌ల వైపు వచ్చారు. కంపెనీ ఇచ్చిన కోడ్‌ని కెర్నల్‌లో పెట్టదగ్గట్టు బాగుచేయడం, కొత్త చిప్‌లకు కెర్నల్‌లో డ్రైవర్ వచ్చేలోగా జనం వాడుకోవడానికి గిట్‌హబ్‌లో కోడ్ పెట్టడం, ఎవరు ఏ ప్రశ్న వేసినా ఓపిగ్గా జవాబివ్వడం. కెర్నల్‌లో ఆయన పేరుతో వెయ్యికి పైగా ప్యాచ్‌లున్నాయి.

నా బీటెక్ రోజుల్లో మా హాస్టల్లో చవక ల్యాప్‌టాప్‌లు నాలుగైదు ఉండేవి. లైనక్స్ వేస్తే రౌటర్ పక్కన కూర్చుంటేనే సిగ్నల్. గది దాటితే పోయేది. చిప్ తప్పేం లేదు. చిప్‌కు రెండు యాంటెనా పిన్నులుంటే, ల్యాప్‌టాప్ తయారీదారు ఖర్చు కలిసొస్తుందని ఒకే వైరు తగిలించాడు. అదీ డ్రైవర్ అనుకున్న పిన్నుకు కాకుండా రెండోదానికి. దానికి మందు ఒక్క లైను. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో 'యాంట్ సెల్' విలువ 2 అని రాస్తే చాలు, సిగ్నల్ నిండుగా వచ్చేసేది. ఆ లైను మా ఫ్లోర్ గోడ మీద ఎవరో మార్కర్‌తో రాసిపెట్టారు. ఆ ఆప్షన్‌ని డ్రైవర్‌లో పెట్టింది లారీ ఫింగర్ అని నాకు తెలిసింది ఆయన పోయాక, నివాళులు చదువుతున్నప్పుడు. ఎక్కడో అమెరికాలో రిటైరైన పెద్దాయన, ఎవడో పిసినారి తయారీదారు మిగుల్చుకున్న ఒక వైరు సంగతి పట్టించుకోబట్టి మా ఫ్లోర్‌కు నెట్ వచ్చింది.

ఇంకో ఏడాది గడిచేలోగా, 2025 ఆరంభంలో, కాలే వాలో కూడా బాధ్యతల నుంచి తప్పుకొన్నారు. పదేళ్లపాటు ప్రపంచంలోని వైఫై డ్రైవర్ల ప్యాచ్‌లన్నీ ఆయన ముందు నుంచే వెళ్లాయి. ఒక ఇంజినీర్ రాజీనామా ఎక్కడా పెద్ద వార్త కాదు. కానీ ఈ కుర్చీలు ఎన్నున్నాయో, వాటిలో కూర్చునేవాళ్లు ఎంత తక్కువమందో తెలిస్తే కొంచెం భయం వేస్తుంది.

హైదరాబాద్‌లో పుట్టిన అనాథ

ఇదంతా అమెరికా, యూరప్ గొడవ, మనకేం సంబంధం అనుకోకండి. మెయింటైనర్స్ ఫైల్‌లో 'రెడ్‌పైన్ వైర్‌లెస్ డ్రైవర్' అని ఒక ఎంట్రీ ఉంది. రెడ్‌పైన్ సిగ్నల్స్ అనేది కాలిఫోర్నియాలో ఆఫీసు, హైదరాబాద్‌లో డిజైన్ సెంటర్ ఉన్న చిప్ కంపెనీ. తక్కువ కరెంటుతో నడిచే వైఫై, బ్లూటూత్ చిప్‌లు చేసేది. ఫ్యాక్టరీల్లో సెన్సర్ల డేటా మోసే గేట్‌వే పెట్టెల్లాంటి వాటిలోకి అవి వెళ్లాయి. 'ఆర్‌ఎస్‌ఐ' పేరుతో ఆ చిప్‌ల డ్రైవర్ 2014లో లైనక్స్ కెర్నల్‌లో చేరింది. మన ఊళ్లో చిప్ డిజైన్ చేసి, దానికి డ్రైవర్ కూడా రాసి, ప్రపంచం వాడే కెర్నల్‌లో పెట్టడం చిన్న విషయం కాదు.

2020లో సిలికాన్ ల్యాబ్స్ అనే అమెరికా కంపెనీ రెడ్‌పైన్ వైఫై, బ్లూటూత్ వ్యాపారాన్ని హైదరాబాద్ సెంటర్‌తో సహా 308 మిలియన్ డాలర్లకు కొనుక్కుంది. ఉద్యోగులకు అది మంచి కబురే, నగరానికీ మంచిదే. కానీ కంపెనీ చేతులు మారితే ప్రాధాన్యాలు మారతాయి. కొత్త చిప్‌ల మీదికి అందరూ వెళ్లిపోతారు. పాత డ్రైవర్‌కు మెయింటైనర్లుగా ఉన్నవాళ్ల నుంచి చప్పుడు లేకుండా పోయింది. చివరికి ఆ ఎంట్రీ ఎదురుగా 'ఆర్ఫన్' అని పడింది. ఆ తర్వాత కూడా దాన్ని తమ బోర్డుల్లో వాడుతున్న వేరే కంపెనీల ఇంజినీర్లు బగ్‌లు కనిపెట్టి ప్యాచ్‌లు పంపారు. అందుకే ఇంకా బతికుంది.

ఇందులో ఎవరినీ తిట్టాల్సిన పనిలేదు. కంపెనీ అన్నాక చేసేదే అది. నాకు వింతగా తోచేది వేరే. ఆ చిప్ డాక్యుమెంట్లు చదివినవాళ్లు, దాన్ని బెంచ్ మీద పెట్టి కొలతలు తీసినవాళ్లు ఇక్కడే, మన చుట్టుపక్కలే ఉండి ఉంటారు. తమ సొంత పేరుతో, సొంత మెయిల్‌తో "నేను చూస్తాను" అనడానికి కంపెనీ అనుమతి అక్కర్లేని సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ అలవాటు మనకు లేదు. ఆఫీసు మెయిల్ పోతే మన ఓపెన్ సోర్స్ పని కూడా దాంతోనే పోతుంది.

కెరీర్‌కు పనికొస్తుందా?

సూటిగా చెబుతాను. పాత వైఫై డ్రైవర్ చూసినందుకు ఎవరూ జీతం ఇవ్వరు. జీతాలన్నీ కొత్త చిప్‌ల మీదే. ఉదాహరణకు క్వాల్‌కామ్ వైఫై 6, వైఫై 7 చిప్‌ల డ్రైవర్లయిన ఏటీహెచ్11కే, ఏటీహెచ్12కే ప్యాచ్‌లలో మన దేశంలోని ఇంజినీర్ల పేర్లు ఎన్నో కనిపిస్తాయి. మీడియాటెక్, ఎన్‌ఎక్స్‌పీ, ఇంటెల్, సిలికాన్ ల్యాబ్స్.. వీటన్నిటికీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో టీమ్‌లున్నాయి.

మరి పాతది ఎందుకు? నేర్చుకోవడానికి దానంత మంచి బడి లేదు కాబట్టి. కొత్త చిప్ డ్రైవర్ లక్ష లైన్లుంటుంది, సగం పని ఫర్మ్‌వేర్ లోపల జరిగిపోతుంది, డాక్యుమెంట్లు ఎన్‌డీఏ వెనక ఉంటాయి. 2008లో వచ్చిన ఏటీహెచ్9కే డ్రైవర్ చూడండి. అది నడిపే పీసీఐ కార్డులకు కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ లోడ్ చేయాల్సిన పనే లేదు. ప్యాకెట్ ఎప్పుడు క్యూలో పడింది, ఎప్పుడు గాల్లోకి వెళ్లింది, ఇంటరప్ట్ ఎప్పుడు వచ్చింది.. అంతా సీ కోడ్‌లో కళ్ల ముందే కనిపిస్తుంది. అందుకే ఒక నెమ్మది ఫోన్ వల్ల అందరి వైఫై నెమ్మదించే సమస్య మీద ప్రయోగాలు చేసిన పరిశోధకులు దాన్నే ఎంచుకున్నారు. ఆ ఫలితంగా వచ్చిన 'ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్' పద్ధతి తర్వాత మిగతా డ్రైవర్లకూ పాకింది.

అమీర్‌పేటలో డివైస్ డ్రైవర్ కోర్సు చేసిన రెజ్యూమెలు నేను కొన్ని చూశాను. అన్నిట్లోనూ ఒకటే క్యారెక్టర్ డ్రైవర్, ఒకటే హలో వరల్డ్ మాడ్యూల్. తప్పేం లేదు, అందరం అక్కడే మొదలుపెడతాం. కానీ కెర్నల్ గిట్ చరిత్రలో మీ పేరుతో ఒక్క చిన్న సవరణ ఉంటే, ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని మీదే అరగంట మాట్లాడతారు. అది ఎవరో సర్టిఫికెట్ ఇచ్చింది కాదు. ఎక్కడున్నా తెరిచి చూసుకోవచ్చు.

కాకపోతే అందరూ చేసే తప్పొకటి ఉంది. చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడిపి, స్పేస్‌లు సర్ది, దాన్నే ప్యాచ్‌గా పంపడం. డ్రైవర్ల ప్రాక్టీస్ కోసం ఉన్న 'స్టేజింగ్' ఫోల్డర్‌లో అది సరే. పాత వైఫై డ్రైవర్లకు అలాంటివి పంపితే చాలామంది మెయింటైనర్లు విసుక్కుంటారు. కార్డు లేకుండా కోడ్ కదిపితే లాభం కంటే నష్టమే ఎక్కువని వాళ్ల అనుభవం. వాళ్లకు నిజంగా కావాల్సింది ఇంకోటి. కార్డు చేతిలో ఉండి, కొత్త కెర్నల్ మీద పెట్టి చూసి, "నా దగ్గర పనిచేసింది" అనో "ఇదిగో లాగ్, ఇక్కడ ఆగిపోయింది" అనో చెప్పే మనిషి. అలాంటివాళ్ల పేరు ప్యాచ్ కింద 'టెస్టెడ్ బై' అని కెర్నల్ చరిత్రలో నమోదవుతుంది. ఒక్క లైన్ కోడ్ రాయకుండానే. మీ ఇంట్లో అటక మీద పడున్న పాత యూఎస్‌బీ వైఫై అడాప్టర్, ఫిన్లాండ్‌లోనో జర్మనీలోనో కూర్చున్న మెయింటైనర్ దగ్గర లేకపోవచ్చు.

నేర్చుకోవాలంటే లైనక్స్ ఫౌండేషన్ వారి ఎల్‌ఎఫ్‌డీ103 అనే ఉచిత కోర్సు బాగుంటుంది. వాళ్లదే ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటార్‌షిప్‌లో కెర్నల్ బగ్‌లు సరిచేసే కార్యక్రమం ఉంది. సీ భాష, గిట్ బాగా వస్తేనే దిగండి. కాలేజీలో పాయింటర్ల చాప్టర్ ఎగ్గొట్టినవాళ్లకు మొదటి వారమే తెలిసిపోతుంది.

పాత ల్యాప్‌టాప్ కొంటుంటే

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ర్యామ్, బ్యాటరీ చూస్తారు, వైఫై చిప్ ఏదో చూడరు. మింట్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో పెట్టుకెళ్లి, కొనేముందే బూట్ చేసి చూడండి. వైఫై వెంటనే వస్తే సగం చింత తీరినట్టే. రాకపోతే 'ఎల్‌ఎస్‌పీసీఐ' కమాండ్‌తో చిప్ ఐడీ తెలుసుకుని, దానికి కెర్నల్ లోపలి డ్రైవర్ ఉందా, బయటిదా అని వెతకండి. బయటిదైతే ధరలో కార్డు మార్పిడి ఖర్చు తగ్గించమని బేరమాడండి.

యూఎస్‌బీ అడాప్టర్ కొంటే డబ్బా మీది పేరు నమ్మొద్దు. టీపీ లింక్ డబ్ల్యూఎన్722ఎన్ అనే అడాప్టర్ మొదటి వెర్షన్‌లో ఏథరోస్ చిప్ ఉండేది, లైనక్స్‌లో పెట్టగానే పనిచేసేది. రెండో వెర్షన్ నుంచి లోపల రియల్‌టెక్ చిప్ వచ్చింది. పేరు అదే, డ్రైవర్ కథ మొత్తం వేరు. వెర్షన్ నంబర్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడాలి.

మెషీన్ లోపలి కార్డు మార్చడం కూడా కష్టం కాదు, రెండు స్క్రూలు, రెండు యాంటెనా వైర్లు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ మాత్రం కంపెనీ ఒప్పుకున్న కార్డు తప్ప వేరేది పెడితే బూట్ అవదు. కొత్త ఇంటెల్ కార్డుల్లో ఏఎక్స్201 లాంటివి పాత మెషీన్లలో పనిచేయవు, ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు కార్డులు. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ పాత మెషీన్ అయితే వైఫై సంగతి తర్వాత, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 దానికి కెర్నలే ఇవ్వడం మానేసింది.

మా తమ్ముడికి సికింద్రాబాద్ సీటీసీలో ఏథరోస్ చిప్ ఉన్న వాడేసిన కార్డు ఒకటి దొరికించి కొరియర్ చేశాను. బయోస్ ఒప్పుకుంది. అప్పటి నుంచి నాలుగు కెర్నల్ అప్‌డేట్లు వచ్చాయి, ఫోన్ రాలేదు. రాలేదంటే, వైఫై పోయిందని రాలేదు. పోయిన నెల వేరే పని మీద చేశాడు. ఆ కార్డు డ్రైవర్‌కు ఎవరో పంపిన ప్యాచ్ ఒకటి వేసుకుని, కెర్నల్ కంపైల్ చేసి, రెండు రోజులు నడిపి చూశాడట. ఆ ఫలితం రాసి మెయిలింగ్ లిస్టుకు పంపితే తిరిగొచ్చేసిందని ఏడుపు మొహం.

"ఫోన్‌లో జీమెయిల్ యాప్ నుంచి పంపావా?"

"అవును అన్నయ్యా."

ఆ లిస్టు హెచ్‌టీఎంఎల్ మెయిళ్లు తీసుకోదు, ప్లెయిన్ టెక్స్ట్‌లోనే పంపాలి. కంప్యూటర్‌లో ఆ సెట్టింగ్ ఎక్కడుందో చెప్పాను. రెండోసారి వెళ్లింది.